వ్యాపార నిర్వహణ విద్య: ఓరుగల్లు సీమ, బయ్యారము

ధనవినియోగము, విక్రయము, సిబ్బంది నియామకము, లెక్కల నిర్వహణము మున్నగు విషయములను శాస్త్రరీతిని బోధించి, ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థికి మూడేండ్లలో పట్టము నొసగు చదువునకు తెలుగునాట బి.బి.ఏ. యని వ్యవహారము. ఆ చదువు కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోనికి, అందును నేటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము వంటి మండలముల విద్యార్థుల చెంతకు వచ్చిన క్రమమే ఈ వ్యాసమునకు విషయము.

అమెరికాలో ఈ విద్య డిగ్రీ స్థాయినుండియే మొలకెత్తినది. జోసెఫ్ వార్టన్ అను లోహపారిశ్రామికుని విరాళముతో 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వెలసిన పాఠశాల మొదట డిగ్రీ విద్యార్థులకే ఉద్దేశింపబడగా, హార్వర్డువారి ఎం.బి.ఏ. 1908లో గాని రాలేదు. మన దేశమున మాత్రము పునాదికి ముందే పైకప్పు వేసినట్లయినది. బొంబాయిలో 1913లో సిడెన్‌హామ్ కళాశాల స్థాపితమై బి.కాం. ఊరూర వ్యాపించినను, నిర్వహణశాస్త్రము ప్రత్యేకవిద్యగా ముందు పై మెట్టుననే కుదురుకొన్నది: 1953లో కలకత్తాలో ఒక సంస్థ, 1957లో వాల్తేరునందు ఆంధ్ర విశ్వవిద్యాలయమువారి ఎం.బి.ఏ., 1961లో కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు. హైదరాబాదున 1956లో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి సైతము అప్పటికే ఉద్యోగములందున్న అధికారుల శిక్షణకొరకే గాని విద్యార్థులకొరకు కాదు. అందుచేత డిగ్రీ విద్యార్థికి చిరకాలము దక్కినది బి.కాం. మాత్రమే, కాచిగూడలో 1950లో నెలకొన్న బద్రుకా కళాశాల ఆ వాణిజ్యవిద్యకు నగరమున పేరెన్నికగన్న స్థానమైనది.

ఓరుగల్లులో అంతకుమున్ను ఉస్మానియావారి స్నాతకోత్తర కేంద్రముండగా, 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయము అవతరించినది. నాటి ఖమ్మము జిల్లాలోని బయ్యారముకూడ దీని పరిధిలోనిదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో ఆ మండలము మహబూబాబాదున చేరినను విద్యాసంబంధము మారలేదు. 1991 పిమ్మట ఆర్థికవిధానములు సడలి, ప్రైవేటు కొలువులు పెరిగిన కాలమున బి.బి.ఎం. అను పేర ఈ చదువు తెలుగునాటి కళాశాలలలో వ్యాపించి, తరువాత బి.బి.ఏ.గా స్థిరపడినది. 2016లో డిగ్రీ ప్రవేశములకు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ విధానము వచ్చిన పిమ్మట విద్యార్థి కళాశాలల చుట్టు తిరుగ నక్కరలేక, మీసేవ కేంద్రమునందో ఫోనులోనో వెబ్ ఆప్షన్లు పెట్టుకొని సీటు పొందుచున్నాడు.

అయినను గ్రామీణవిద్యార్థి పెట్టు మొదటి ఆప్షను సాధారణముగా బి.కాం. కంప్యూటర్సే. ఇందుకు ప్రధానహేతువు భాష. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వాణిజ్యశాస్త్రమునకు తెలుగు పాఠ్యగ్రంథములను సమకూర్చినందున బి.కాం. మాతృభాషలో చదువ వీలైనది, బి.బి.ఏ.కు ఆ భాగ్యము లేక దాదాపు అంతయు ఆంగ్లముననే నడచుచున్నది. పదవ తరగతివరకు తెలుగుననే చదివిన తండావాని బిడ్డకు అకౌంటెన్సీలోని అంకెలకంటె ‘ఆర్గనైజేషనల్ బిహేవియర్’ అను పాఠములోని వాక్యమే బరువు. దీనిని విద్యార్థి లోపముగా నెంచుట అన్యాయము.

బయ్యారము ప్రసక్తి ఇచ్చట ఊరక తెచ్చినది కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు, కాకతీయుల వంశక్రమమును తెలుపు ఆ చెరువుగట్టు శాసనము చరిత్రకారులకు సుపరిచితములు. ఇనుపఖనిజము ఈ ప్రాంతమునకు రెండవ ప్రసిద్ధి. 2014నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము పదమూడవ షెడ్యూలున, ఖమ్మము జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారము సాధ్యమగునా యని సెయిల్ సంస్థ ఆరునెలలలో పరిశీలింపవలెనని ఉన్నది. బయ్యారము ఉక్కుగా జనులు పిలిచిన ఆ కర్మాగారము రూపు దాల్చలేదు. ఖనిజమున ఇనుము పాలు తక్కువ యని ఒక పక్షము, చట్టమున వ్రాసిన మాట నెరవేర్పవలెనని వేరొక పక్షము వాదించుచు వచ్చినవి. ముడిసరకు నాణ్యము, రవాణా వ్యయము, పెట్టుబడి, ప్రజల ఆకాంక్ష, ప్రభుత్వ బాధ్యత అన్నియు నొక్కచో పెనగొన్న ఇట్టి ఉదాహరణము తమ మండలముననే ఉండగా, ప్రాజెక్టు సాధ్యాసాధ్యములను గూర్చిన పాఠమును విదేశీ కంపెనీల కథలతోనే ముగించుట చింతనీయము. చివరి సెమిస్టరు ప్రాజెక్టు నివేదికకై దూరపు షోరూమున సంతకము తెచ్చుకొను విద్యార్థి, ఖమ్మము మిర్చి మార్కెట్టులోనో వరంగల్లు ఏనుమాముల యార్డులోనో నాలుగు దినములు నిలిచి, రైతు బస్తా విప్పినది మొదలు కమీషన్ ఏజెంటు చీటి వ్రాయువరకు గమనించినచో ధరనిర్ణయమును గూర్చి ఎక్కువ నేర్చును.

పట్టము చేతికి వచ్చిన పిమ్మట పలువురు ఐసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి ఎం.బి.ఏ.లో చేరుదురు, ఆ పరీక్షను కాకతీయ విశ్వవిద్యాలయమే పలుమార్లు నిర్వహించినది. 2008 ప్రాంతమున వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు పేదకుటుంబములకు ఈ మార్గమును సుగమము చేసినది.

2024-25 విద్యాసంవత్సరమునుండి బి.బి.ఏ. అఖిల భారత సాంకేతిక విద్యామండలి యధీనమునకు వచ్చినది. నాటినుండి ఈ కోర్సు నడుపు కళాశాల మండలి అనుమతి పొంది, అది విధించు ప్రమాణములను పాటింపవలసియున్నది. బి.కాం.కు ఈ నియమము వర్తింపదు. కనుక చిన్న పట్టణములోని యాజమాన్యము కొత్త కోర్సు ఊసెత్తక బి.కాం. సెక్షను నింకొకటి పెంచుకొనుటకే మొగ్గుట సహజము.