మోటారు ఆపి మాట్లాడే మనుషులు

ఏటికొప్పాక అంటే బయటివాళ్ళకు లక్క బొమ్మలే. ఊళ్ళోవాళ్ళం మాత్రం ముందు వరాహ నది పేరు ఎత్తుతాం. తర్వాత చెరకు తోటలు, 1933లో పెట్టిన సహకార చక్కెర కర్మాగారం. బొమ్మల సంగతి ఆఖర్న వస్తుంది, రోజూ చూసేది గొప్పగా చెప్పుకోవాలనిపించదు కదా. ఎలమంచిలి మండలంలో ఏటి పక్కన ఉన్న ఈ ఊరు, 2022లో జిల్లాలు విడదీశాక విశాఖపట్నం నుంచి అనకాపల్లి కిందకి వచ్చింది. జిల్లా మారినా బొమ్మల వీధి తీరు మారలేదు. ఆ వీధిలోకి కొత్త మనిషి వస్తే చాలు, ఏదో ఒక ఇంట్లో బొమ్మలు చేసే మిషను మోటారు ఆగిపోతుంది. "రండి బాబూ, ఇలా కూర్చోండి" అంటూ పీట జరుపుతారు. కొంటారా లేదా అన్నది తర్వాత మాట.

ఆ మోటారు ఆగడమంటే ఏమిటో తెలిస్తే ఆ పిలుపు విలువ తెలుస్తుంది. ఇక్కడ చాలామందికి సంపాదన బొమ్మల లెక్కన వస్తుంది. మిషను ఆగినంతసేపూ కూలి ఆగినట్టే. అయినా ఆపుతారు. చూపించాలన్న ఉబలాటం లెక్కను మింగేస్తుంది.

చూపించడానికి ఎంతోసేపు పట్టదు. అంకుడు కర్ర ముక్కను తరిణెకు, అంటే కర్రను గిర్రున తిప్పే ఆ మిషనుకు, బిగించి ఉలి ఆనిస్తారు. తెల్లటి పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతుంటే, కళ్ళ ముందే బొంగరం నడుము సన్నబడుతుంది. తర్వాత తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ అదుముతారు. ఇక్కడ పొయ్యీ లేదు, కుంచే లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొదట గీతలు గీతలుగా, మందంగా కనిపిస్తుంది. దాని మీద మొగలి ఆకు మడిచి అదిమితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. "చెయ్యెట్టి చూడండి బాబూ, ఎచ్చగా తగుల్తాది" అని అప్పుడే దించిన బొంగరాన్ని అరచేతిలో పెడతారు.

భరిణె చేసేవాళ్ళది ఇంకో ముచ్చట. మూత బిగించి, ఆ మూత పట్టుకునే భరిణెను పైకెత్తుతారు. ఊడి పడదు. మళ్ళీ మెత్తగా తిప్పి లాగితే ఇట్టే వచ్చేస్తుంది. అటు వదులూ ఇటు బిగువూ కాని ఆ వాసి కోసం ఉలిని ఎక్కడ ఆపాలో చెప్పడానికి మాటలుండవు. అందుకే చేసి చూపిస్తారు. మనకు అర్థమైందని మన మొహంలో కనిపిస్తే వాళ్ళ మొహం వెలిగిపోతుంది.

కరెంటు మోటార్లు రాకముందు తరిణె ఇద్దరి పని. ఒకరు తాడు అటూ ఇటూ లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఒకరి చెయ్యి ఇంకొకరికి తెలియకపోతే కర్ర విరిగేది. పక్క మనిషిని కలుపుకుని చేసే పని కాబట్టే ఆ కలుపుగోలుతనం మోటార్లు వచ్చాకా పోలేదని నాకనిపిస్తుంది.

ఈ గుణమే ఊరి పనిని ఒకసారి కాపాడింది కూడా. లక్క పిడతలు ఆడపిల్లల ఆటలో భాగంగా ఉన్నన్నాళ్ళూ గిరాకీకి లోటు లేదు. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాక అది పడిపోయింది. దానికి తోడు రసాయన రంగులు అలవాటయ్యాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే గిలక్కాయకు ఆ రంగులేమిటన్న ప్రశ్న వచ్చింది. ఈ ఊరివారే అయిన సి.వి. రాజు ప్రకృతి రంగుల వైపు మళ్ళారు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగు తీయడం ఒక ఎత్తు, దాన్ని లక్కలోకి ఎక్కించడం ఇంకో ఎత్తు. నీళ్ళలో కలిసేది లక్కలో కలవదు. కలిసినా వేడికి నిలవాలి. తరిణె మీద పెట్టి చూస్తేనే అది నిలిచిందో లేదో తేలేది. పనివాళ్ళు తమ తరిణె దగ్గర చోటివ్వకపోతే ఏ ప్రయోగమూ సాగేది కాదు. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చాయి. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద మా బొమ్మలే ఊరేగాయి.

బిరుదులతో కష్టాలు తీరలేదు. అంకుడు కర్ర దొరకడం ఒక సమస్య. నరికిన మొదలు మళ్ళీ చిగురించే చెట్టే అది, కాని కొమ్మ లావెక్కేదాకా ఆగే ఓపిక ఉండాలి. చదువుకున్న పిల్లలు పట్నం ఉద్యోగాలకు పోతున్నారు. వెళ్ళొద్దని ఎవరు మాత్రం ఎలా అంటారు? స్నేహంగా మాట్లాడే మనిషి సుఖంగా ఉన్నాడనుకోవడం చూసి పోయేవాళ్ళు చేసే పొరపాటు. పని మీద ప్రేమ వేరు, ఆ పని పెట్టే కూడు వేరు. మా వీధిలో మొదటిది మెండు, రెండోది అంతంత మాత్రం.

అందుకే మా ఊరు వచ్చేవాళ్ళకు ఒక మాట. ధర అడిగే ముందు ఎలా చేశారో అడగండి. చెప్పించుకోండి, ఉలి పట్టనిస్తే పట్టి చూడండి, ఎలాగూ కర్ర పాడవుతుంది, వాళ్ళు నవ్వుతారు. ఆ తర్వాత ధర విన్నప్పుడు బేరమాడడానికి మీకే నోరు రాదు. పీట వేసినందుకు, మోటారు ఆపినందుకు వాళ్ళు ఒక్క పైసా అడగరు. మనం బేరం మానుకుంటేనే ఆ బాకీ ఎంతో కొంత తీరుతుంది.