పని పోయినా ఇల్లు నిలవాలని

క్యాంపులో మనం పడుకునే మంచం కంపెనీది. వీసా క్యాన్సిల్ అయిన రోజున పనితో పాటు మంచం కూడా వదిలేసి పెట్టె సర్దుకోవాలి. ఇది మన గల్ఫ్ బతుకుల్లోనే ఉందనుకుంటాం. కాని నూరేళ్ళ కిందట బ్రిటన్‌లో చాలామంది గని కార్మికులు కూడా ఇలాగే బతికారు. వాళ్ళు పోరాడి సాధించుకున్నదే ఇవాళ అక్కడి మనవాళ్ళ మాటల్లో వినిపించే 'కౌన్సిల్ ఇల్లు'. దాని చరిత్ర మనకూ పనికొస్తుంది.

యార్క్‌షైర్‌లో డెనబీ మెయిన్ అనే గని ఊరు ఉంది. అక్కడ కార్మికుల ఇళ్ళు గని కంపెనీవే. 1902లో వాళ్ళు సమ్మెకు దిగారు. 1903 జనవరిలో, గడ్డకట్టే చలిలో, కంపెనీ వాళ్ళ కుటుంబాలను ఇళ్ళ నుంచి ఖాళీ చేయించింది. పిల్లాపాపలతో కొందరు గుడారాల్లో తలదాచుకున్నారు. కూలి, కొంప ఒకే యజమాని చేతిలో ఉంటే నోరు విప్పిన మనిషికి రెండూ పోతాయి.

మరి ఇల్లు ఎవరివ్వాలి? అక్కడ కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిది. కార్మికుల కోసం ఇళ్ళు కట్టే అధికారం కౌన్సిళ్ళకు 1890 చట్టంతో గట్టిపడింది. లండన్‌లో ఓల్డ్ నికోల్ అనే మురికివాడను కూల్చి బౌండరీ ఎస్టేట్ కట్టి 1900లో ప్రారంభించారు. ఆ వాడ నుంచి సుమారు 5,700 మందిని లేపేస్తే, కొత్త ఇళ్ళలోకి తిరిగి వచ్చింది 11 మందేనని చెబుతారు. అద్దె వాళ్ళకు అందలేదు. పేదల పేరుతో కట్టిన ఇల్లు పేదలకు దక్కకపోవడం అక్కడా జరిగింది.

మలుపు తిప్పింది గ్లాస్గో ఆడవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల యార్డులకు, ఆయుధాల ఫ్యాక్టరీలకు పని కోసం జనం తరలివచ్చారు. ఇళ్ళు చాలక యజమానులు అద్దెలు పెంచేశారు. 1915లో గోవన్ పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి ముందు నిలిచి, పెంచిన అద్దె కట్టవద్దని ఇంటింటికీ చెప్పింది. ఖాళీ చేయించడానికి అధికారి వస్తే గంట మోగించేవాళ్ళు. ఆడవాళ్ళు గుంపుగా చేరి పిండి పొట్లాలతో కొట్టేవాళ్ళు. నవంబరు నాటికి 20,000 కుటుంబాల దాకా అద్దె ఆపేశాయి. కొందరు కార్మికులను కోర్టుకు లాగితే వేలమంది ఊరేగింపుగా వెళ్ళారు. డిసెంబరులోనే ప్రభుత్వం చట్టం తెచ్చి అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయిలో కట్టేసింది.

యుద్ధం ముగిశాక 1919లో మంత్రి క్రిస్టఫర్ అడిసన్ పేరు మీదుగా మరో చట్టం వచ్చింది. కౌన్సిళ్ళు ఇళ్ళు కట్టాలి, నష్టంలో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తుంది. 5 లక్షల ఇళ్ళని మాట ఇచ్చి 2 లక్షల చిల్లర కట్టారు. అయినా దారి పడింది. 1949 చట్టంలో 'కార్మిక వర్గానికి' అన్న మాట తీసేశారు. దాంతో ఇల్లు కావలసిన ఎవరికైనా కౌన్సిల్ ఇవ్వవచ్చు.

ఇక్కడే ఇంకో తలుపు మూసుకుంది. ఇల్లు కావాలంటే కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కాలి. గది ఇరుకుగా ఉందా, పిల్లలెందరు, జబ్బులున్నాయా అని చూసి వరస నిర్ణయించేవారు. అయితే కొన్ని చోట్ల ఆ ఊళ్ళో ఇన్నేళ్ళు ఉండాలన్న షరతు ఉండేది. 1960లలో బర్మింగ్‌హామ్‌లో అయిదేళ్ళు ఉంటేగాని పేరు ఎక్కేది కాదు. భారత్, పాకిస్తాన్, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కార్మికులు అద్దె గదుల్లో కిక్కిరిసి బతికారు. పగటి షిఫ్టు వాడు లేచిన మంచంలోనే రాత్రి షిఫ్టు వాడు పడుకునేవాడు. ఇళ్ళ విషయంలో జాతి వివక్ష చట్టవిరుద్ధమైంది 1968లో.

తూర్పు లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో సిల్హెట్ నుంచి వచ్చిన బట్టల కార్మికులు జాబితాలో ఎదురుచూసి విసిగిపోయారు. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భవనాల్లో కాపురం పెట్టారు. 1976లో 'బెంగాలీ హౌసింగ్ యాక్షన్ గ్రూప్' ఏర్పడింది. ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి చదివితే 'భాగ్', బెంగాలీలో వాటా అని అర్థం. 1977లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ తన ఇళ్ళలో అనుమతి లేకుండా ఉంటున్నవారికి క్షమాభిక్ష ప్రకటించింది. మన గల్ఫ్‌లో ఆమ్నెస్టీ అన్నట్టే. ఆ ఏడే, ఇల్లు లేక వీధిన పడ్డ పిల్లలున్న కుటుంబాలకు నీడ చూపించే బాధ్యతను చట్టం కౌన్సిళ్ళ మీద పెట్టింది.

1980 చట్టంతో అద్దెకున్నవాళ్ళు ఆ ఇళ్ళను తక్కువ ధరకు కొనుక్కునే వీలు వచ్చింది. లక్షల ఇళ్ళు అలా చేతులు మారాయి. వాటి స్థానంలో కొత్తవి సరిపడా కట్టలేదు. అందుకే ఇవాళ జాబితాలు చాంతాడంత ఉన్నాయి.

మనవాళ్ళు కొందరు ఇక్కడి నుంచి బ్రిటన్‌కు పని వీసా మీద వెళ్ళాలని చూస్తున్నారు. వాళ్ళకొక మాట. మామూలుగా పని వీసా ఉన్నంతకాలం కౌన్సిల్ ఇంటికి అర్హత ఉండదు. శాశ్వత నివాసం వచ్చాకే ఆ దారి తెరుచుకుంటుంది, ఆ పైన ఇంగ్లండ్‌లో ఏ కౌన్సిల్ షరతులు దానివే. వెళ్ళగానే ప్రభుత్వ ఇల్లు ఇప్పిస్తానని ఏ ఏజెంటైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. యజమానే ఇల్లు కూడా ఇస్తానంటే మాత్రం, పని మానేస్తే ఎన్నాళ్ళు ఉండనిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. డెనబీ మెయిన్ కుటుంబాలకు అలాంటి కాగితం లేదు.