ఏ పెన్ను ఖరీదైనది? మన కావలి చెప్పే సంగతి

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా కూర్చుని చదవండి.

మొన్న కావలిలో మా రూముకి ఒక తమ్ముడు వచ్చాడు. డిగ్రీ చివరి సంవత్సరం, పోటీ పరీక్షకి చదువుతున్నాడు. "అన్నా, మా బ్యాచ్‌లో అందరూ ఐదొందల పెన్నులు కొంటున్నారు. దాంతో రాస్తే రాత బాగుంటదంట, మార్కులు పడతాయంట. నేను కూడా కొనాలా?" అన్నాడు. వాళ్లమ్మ రొయ్యల గుంటల్లో కూలికి పోతుంది. ఆ ఐదొందలకి ఆమె ఎంతసేపు నీళ్లలో నిలబడాలో వాడికి తెలుసు. అందుకే కొనే ముందు అడిగాడు.

అప్పటికి ఏదో చెప్పి పంపించాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. అందులో సగం మన ఊళ్లోనే ఉంది.

ముందు పెన్ను సంగతి చూద్దాం. ఈరోజు మనం ఐదు రూపాయలకి కొనే బాల్ పెన్ను ఒకప్పుడు డబ్బున్నోళ్ల వస్తువు. హంగేరీ దేశపు విలేకరి లాస్లో బీరో 1938లో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1945 అక్టోబరులో న్యూయార్కులోని గింబెల్స్ దుకాణంలో బాల్ పెన్నుని అమ్మకానికి పెడితే ధర పన్నెండున్నర డాలర్లు. జనం ఎగబడి కొన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి, 1950లో, ఫ్రాన్సులో మార్సెల్ బిక్ అనే ఆయన అదే రకం పెన్నుని సామాన్యుడికి అందే ధరకి తెచ్చేశాడు. పెన్ను చేసే పని మారలేదు. మునలో చిన్న గుండు, దాని చుట్టూ చిక్కటి సిరా, అంతే. ఆ గుండుని టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేస్తారు. చవక పెన్నులోనూ ఉండేది అదే. ఎక్కువ డబ్బు పోసేది చాలావరకు పై తొడుగుకి, పేరుకి, డబ్బాకి.

అలాగని ఖరీదైన పెన్నులన్నీ మోసం అనను. సిరా పెన్ను లెక్క వేరు. బంగారం పాళీకి సిరా తగిలి తుప్పు పట్టదు. దాని కొసకి గట్టి లోహపు చుక్క అతికిస్తారు కాబట్టి తొందరగా అరగదు. బాగా చూసుకుంటే తాత పెన్ను మనవడు కూడా రాయొచ్చు. మన రాజమండ్రిలో కోసూరి రత్నం గారు 1932 నుంచి అలాంటి పెన్నులు చేయించారు. ఎబొనైటు కడ్డీని తరిమెన పట్టి, చేత్తో నునుపు చేసి తయారుచేసేవాళ్లు. విదేశీ పెన్నులే బజారుని ఏలుతున్న రోజులవి. ఆయన పెన్ను గాంధీజీకి చేరింది. 1935 జులై 16న గాంధీ ఆయనకి కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాశారు. ఆ పెన్నుకి ఇచ్చిన డబ్బు పనివాడి చేతికి పోయింది. అది ఖరీదే, కానీ అర్థమున్న ఖరీదు.

ఇప్పుడు ఇంకో గాంధీ పెన్ను చూడండి. 2009లో మాంట్‌బ్లాంక్ కంపెనీ గాంధీ పేరు మీద ఒక పెన్ను తెచ్చింది. ధర దాదాపు పదకొండు లక్షల నలభై వేలు. దండి యాత్ర 241 మైళ్లని 241 పెన్నులే చేశారు. ఒంటి మీద గుడ్డ కూడా తగ్గించుకున్న మనిషి పేరు మీద, చుట్టూ బంగారు తీగ చుట్టిన పెన్ను! కేరళలో కోర్టు కేసు పడ్డాక 2010లో మన దేశంలో దాని అమ్మకం ఆపారు. రెండూ గాంధీతో ముడిపడ్డ పెన్నులే. ఒకదాని విలువ చేసిన పనిలో ఉంది, ఇంకోదాని విలువ అరుదుగా దొరకడంలో ఉంది.

ఇదంతా పెన్ను ఖరీదు. ఇక రాత ఖరీదు మాట్లాడుకుందాం. దానికి మన కావలికే రావాలి.

క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1871లో ఉత్తరాదిలో మొదలైంది. 1911లో కొత్త చట్టం చేసి మన మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఏ నేరమూ చెయ్యకపోయినా ఫలానా కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులో ఎక్కేది. వేలిముద్రలు తీసుకునేవాళ్లు. చెప్పిన వేళకి వచ్చి కనపడాలి. ఇల్లు మారితే చెప్పాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న ఎరుకల వాళ్లని ఆ చట్టం కింద సెటిల్‌మెంట్లకి తోలారు. స్టువర్టుపురం అందరికీ తెలుసు. కావలిలో కూడా అలాంటి సెటిల్‌మెంటు ఉండేదని మన పిల్లలకే చాలామందికి తెలీదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది, బాడెన్ అనే దొర దాన్ని చూసుకున్నాడు. ఊరి పేరే కావలి. మనవాళ్లకి మాత్రం నిజంగానే కావలి పెట్టారు.

ఆ రిజిస్టరు రాసిన కలం ఎంత ఖరీదు ఉంటుందంటారు? ఆ రోజుల్లో ఆఫీసుల్లో గుమాస్తాలు రాసేది సిరాబుడ్డిలో ముంచే కర్ర హోల్డరుతో, మామూలు ఉక్కు పాళీతో. కానీ అది గీసిన ఒక్క గీతతో ఒక మనిషి, వాడి పిల్లలు దొంగలైపోయారు. వేలు నల్లసిరాలో ముంచింది మనవాళ్లు, పెన్ను పట్టుకుంది వాళ్లు. చదువు రానివాణ్ణి ఇప్పటికీ 'వేలిముద్రగాడు' అని తిడతారు కదా. మనకి ఆ మాట రెండు విధాలుగా గుచ్చుకుంటుంది.

ఆ రాతని కొట్టేసింది కూడా రాతే. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల హక్కుల కోసం పనిచేశారు, వాళ్ల గురించి, సంచార జాతుల గురించి ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే ఆ రోజుని విముక్త దినం అంటాం. ఈ లోపల రాజ్యాంగం వచ్చింది. దాని ఇంగ్లీషు ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా గారు చేత్తో రాశారు. ఆయన చేతిలో ఉన్నది కూడా సిరాలో ముంచి రాసే పాళీయే. కూలి అడగలేదు, పేజీల మీద తన పేరు ఉండాలన్నారు. 1950 జనవరి 24న ఆ ప్రతుల మీద సభ్యులు సంతకాలు పెట్టారు. రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయిన జైపాల్ సింగ్ ముండా గారి సంతకం కూడా అందులో ఉంది.

అదే రకం పాళీ. ఒకచోట మనల్ని పుట్టుదొంగలని రాసింది, ఇంకోచోట సమానులని రాసింది. తేడా పాళీలో లేదు, అది ఎవరి చేతిలో ఉంది, ఏం రాసింది అన్నదాంట్లో ఉంది.

ఇది పాత కథ అనుకోవద్దు. మా అవ్వ ఒకసారి అప్పు కాగితం మీద వేలిముద్ర వేసింది. అందులో ఏముందో చదివి చెప్పే మనిషి పక్కన లేడు. తీసుకున్నది ఒక లెక్క, కాగితంలో ఉన్నది ఇంకో లెక్క. ఆ తేడా తీర్చడానికి మా నాయన బడి మానేసి పనికి పోయాడు. రాసినోడి జేబులో పెన్ను మహా అయితే రూపాయి పెన్ను అయ్యుంటుంది. మా ఇంటికి మాత్రం అంత ఖరీదైన పెన్ను ఇంకోటి తగల్లేదు.

అందుకే తమ్ముడికి ఇప్పుడు సరైన జవాబు చెబుతున్నా. పది రూపాయల పెన్నులు ఒకే రకానివి మూడు కొనుక్కో. కొనే ముందు షాపులోనే నాలుగు లైన్లు రాసి చూడు. నొక్కి రాయాల్సి వస్తే వద్దు, మూడు గంటలకి వేళ్లు పీకుతాయి. పరీక్షకి నెల ముందు నుంచి వాటితోనే రాసి చేతికి అలవాటు చెయ్యి. మిగిలిన డబ్బుతో పాత ప్రశ్నపత్రాలు తీసుకో. ఉద్యోగం వచ్చాక రాజమండ్రి పోయి, చేత్తో చేసిన మంచి పెన్ను ఒకటి కొనుక్కో, తప్పు లేదు. ఎవరికి డబ్బు ఇస్తున్నావో తెలిసి ఇస్తావు.

అందరికీ ఇంకొక్క మాట. మీ అవ్వాతాతలు బ్యాంకు కాగితమో, పొలం కాగితమో తెస్తే ముందు మీరు మొత్తం చదవండి, తర్వాతే సంతకం. సెటిల్‌మెంట్ల గురించి ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తున్నది అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. మన గురించి ఇన్నాళ్లూ వేరేవాళ్లే రిజిస్టర్లు రాశారు. ఇప్పుడు పెన్ను మన చేతిలో ఉంది. ఐదు రూపాయలదైనా సరే.