ఆరోగ్య శాఖ ఆఫీసుకే జ్వరం వచ్చింది

1968 వేసవిలో అమెరికాలోని పాంటియాక్ పట్టణంలో ఒక ఆఫీసు మొత్తం మంచమెక్కింది. అదేమీ ఆషామాషీ ఆఫీసు కాదు, సాక్షాత్తూ ఆరోగ్య శాఖ కార్యాలయం! జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులతో 144 మంది పడ్డారు. కారణం కనిపెట్టడానికి వచ్చిన నిపుణులనూ అది వదల్లేదు. ఏసీ యంత్రంలోని నీటి తుంపర గదుల్లోకి వస్తోందని తేలింది గానీ క్రిమి దొరకలేదు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఫైలు అటకెక్కింది. నమూనాలను మాత్రం భద్రంగా దాచారు.

1976లో ఫిలడెల్ఫియాలోని ఒక పెద్ద హోటల్లో ‘అమెరికన్ లీజియన్’ అనే మాజీ సైనికుల సంఘం సభలు పెట్టుకుంది. అక్కడికి వెళ్లినవారూ, ఆ దరిదాపుల్లో మసలినవారూ కలిపి 34 మంది న్యుమోనియాతో పోయారు. ఆ క్రిమిని జోసెఫ్ మెక్‌డేడ్ పట్టుకున్నట్టు 1977 జనవరిలో ప్రకటించారు. దాని పేరు లీజియోనెల్లా. పాంటియాక్ నమూనాలు తీసి చూస్తే, అక్కడా ఇదే దొంగ.

పేరు సైనికులది. చిత్రమైన కేసులు మాత్రం పనిచోట్లవి.

1981లో కెనడాలోని విండ్సర్‌లో ఇంజన్లు తయారుచేసే కర్మాగారంలో 317 మంది కార్మికులకు జ్వరం తగిలింది. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే కూలెంటే అందుకు మూలం. 2005లో నార్వేలో పొగ గాలిని నీళ్లతో కడిగి శుభ్రం చేయాల్సిన స్క్రబ్బర్ యంత్రమే క్రిమిని ఊరి మీదికి చిమ్మింది. పది మంది ప్రాణాలు పోయాయి. 2009లో స్పెయిన్‌లోని ఆల్కోయ్‌లో ఇదే జబ్బు వస్తే, రోడ్డు పనుల యంత్రం నీటి ట్యాంకు మీద అనుమానం పడింది. మరుసటి ఏడాది బ్రిటన్ పరిశోధకులు, వైపర్ ట్యాంకులో వట్టి నీళ్లు పోసుకునే డ్రైవర్లకు ముప్పు ఎక్కువని చెప్పారు.

సూత్రం ఒక్కటే. గోరువెచ్చని నీళ్లు కదలక నిలవాలి, పాకుడు పట్టాలి, ఆపైన సన్నటి తుంపరై ఊపిరితిత్తుల్లోకి చేరాలి.

మన హైదరాబాద్ సంగతి చూస్తే, పాతబస్తీకి దక్షిణపు అంచున కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. అలాంటి చోట లేత్ ముందు నిలబడే మనిషి ముఖం మీదికి మజ్జిగలా తెల్లని కూలెంట్ తుంపర ఎగురుతుంటుంది. అదే ద్రవాన్ని మళ్లీ మళ్లీ తిప్పి వాడతారు. పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో ఎయిర్ కూలర్లు తిరుగుతాయి. వాటి తడి గడ్డి నీటి బిందువులను పెద్దగా చిమ్మదు కాబట్టి భయం తక్కువే. ట్యాంకు కడగకుండా సీజనంతా నడిపేవాళ్లకు ఆ మాట పూర్తిగా వర్తించదు.

లీజియోనెల్లా తెచ్చే న్యుమోనియా మామూలు కఫం పరీక్షకు చిక్కదు, పెన్సిలిన్ జాతి మందులకు లొంగదు. మూత్ర పరీక్షతో పట్టుకోవచ్చు, అజిత్రోమైసిన్ లాంటి మందులకు తగ్గుతుంది. కానీ ఆ పరీక్ష రాయాలంటే డాక్టరుకు ముందు అనుమానం రావాలి. రోగి ఏ పని చేస్తాడో అడిగితేనే ఆ అనుమానం వచ్చేది.