పెట్ మైక్రోచిప్: స్కానర్‌కి బీప్ రాకపోతే చిప్ లేనట్టేనా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం పెట్ ఓనర్లు ఇవి తెలుసుకోండి

కుక్కకి మైక్రోచిప్ వేయించేశాం, ఇక తప్పిపోయినా భయం లేదు అనుకుంటారు చాలామంది. కానీ చిప్ ఒక్కటే ఉంటే సరిపోదు. దాన్ని చదవగలిగే స్కానర్ ఉండాలి. ఆ చిప్ నంబర్ మీద ఓనర్ ఫోన్ నంబర్ నమోదై ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా చిప్ ఉండి కూడా లేనట్టే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ విషయం మరింత ముఖ్యం. కుప్పానికి ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. మదనపల్లె నుంచి బెంగళూరుకి రాకపోకలు రోజూ ఉండేవే. బెంగళూరులో కొన్న కుక్కపిల్ల ఇక్కడికి వస్తుంది. ఇక్కడ పెరిగిన కుక్క ఓనర్‌తో పాటు చెన్నైకో, అమెరికాకో వెళ్తుంది. అంటే చిప్ వేసే ఊరు ఒకటి, స్కాన్ చేసే ఊరు ఇంకొకటి. పైగా చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కల లైసెన్స్‌కి మైక్రోచిప్ తప్పనిసరి చేసింది.

మైక్రోచిప్ అంటే ఏంటి?

బియ్యం గింజంత ఉంటుంది. పొడవు దాదాపు 12 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. సూదితో మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కింద పెడతారు. అందులో బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు దాని తరంగాల నుంచే చిప్‌కి కరెంట్ అందుతుంది. వెంటనే తన నంబర్‌ని పంపిస్తుంది. అంతే.

చిప్‌లో ఓనర్ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ ఏవీ ఉండవు. ఇది జీపీఎస్ కాదు కాబట్టి కుక్క ఎక్కడుందో కూడా చెప్పదు.

ఎన్ని రకాలు?

నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయో చూస్తే రకం చాలావరకు తెలిసిపోతుంది.

- 15 అంకెలు, 134.2 కిలోహెర్ట్జ్: ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం తయారైనవి. ప్రపంచంలో ఎక్కువ దేశాలు ఒప్పుకునేది ఇదే.
- 9 అంకెలు, 125 కిలోహెర్ట్జ్: అమెరికాలో మొదట్లో బాగా వాడిన పాత రకం. వీటిలో కొన్నింటి నంబర్ కోడ్ రూపంలో ఉంటుంది. ఆ కోడ్ విప్పగల స్కానరే చదవగలదు.
- 10 అంకెలు లేదా అక్షరాలు: 125 లేదా 128 కిలోహెర్ట్జ్ మీద పనిచేసేవి. అంకెల మధ్యలో ఇంగ్లిష్ అక్షరాలు కూడా రావచ్చు.

15 అంకెల చిప్‌లో మొదటి మూడు అంకెలు దేశాన్ని గానీ, తయారీ కంపెనీని గానీ సూచిస్తాయి. 356 అంటే ఇండియా. 900 నుంచి 998 వరకు ఉంటే అది కంపెనీ కోడ్. 900 మాత్రం చాలా కంపెనీలు కలిసి వాడే కోడ్. కాబట్టి అది కనిపిస్తే ఏ కంపెనీదో నంబర్ చూసి చెప్పలేం. 999తో మొదలైతే అది టెస్టింగ్ కోసం ఉంచిన కోడ్, పెట్‌కి వేయాల్సింది కాదు.

బీప్ ఎందుకు రాదు?

రేడియోలో ఒక స్టేషన్ పెట్టి ఇంకో స్టేషన్ పాటలు వినలేం కదా, ఇదీ అంతే. 125 కిలోహెర్ట్జ్ మాత్రమే చదివే స్కానర్‌కి 134.2 చిప్ కనిపించదు. 2004లో అమెరికాలోని వర్జీనియాలో ఇదే జరిగింది. తప్పిపోయి షెల్టర్‌కి చేరిన కుక్కకి ఐఎస్ఓ చిప్ ఉంది. కానీ అక్కడి స్కానర్ దాన్ని గుర్తించలేదు. ఓనర్ లేని కుక్క అనుకుని దాన్ని చంపేశారు. ఆ తర్వాత అన్ని ఫ్రీక్వెన్సీలు చదివే యూనివర్సల్ స్కానర్లు వాడాలన్న డిమాండ్ అక్కడ గట్టిగా వినిపించింది.

స్కానర్ సరైనదే అయినా కొన్నిసార్లు బీప్ రాదు. కారణాలివే:

- చిప్ పెట్టిన చోటు నుంచి కాస్త జారి భుజం వైపో, ముందు కాలి వైపో వెళ్లి ఉండొచ్చు.
- స్కానర్‌ని మరీ వేగంగా తిప్పేసి ఉండొచ్చు. ఇవి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే చదువుతాయి.
- మెడలో ఇనుప గొలుసు, మెటల్ కాలర్ ఉంటే సిగ్నల్‌కి అడ్డొస్తుంది.
- స్కానర్ బ్యాటరీ డౌన్ అయి ఉండొచ్చు.

అందుకే గొలుసు తీసేసి, మెడ నుంచి నడుము దాకా, రెండు పక్కలా నెమ్మదిగా స్కాన్ చేయాలి. మొదటిసారి రాకపోతే ఇంకోసారి చూడాలి. ఆ తర్వాతే చిప్ లేదని చెప్పాలి.

సెల్‌ఫోన్‌తో స్కాన్ చేయొచ్చా?

కుదరదు. ఫోన్‌లో ఉండే ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పెట్ చిప్‌ది వేరే ఫ్రీక్వెన్సీ. యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా ఫోన్‌లో ఆ హార్డ్‌వేర్ ఉండదు. కాలర్‌కి వేలాడే క్యూఆర్ కోడ్ బిళ్ల అయితే ఫోన్ కెమెరాతో చదవొచ్చు. వీధిలో కుక్క దొరికినవాళ్ల చేతిలో ఉండేది ఫోనే కాబట్టి చిప్‌తో పాటు ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల కూడా మెడలో ఉండటం మంచిది.

పుంగనూరు ఆవు చెవి ట్యాగ్ సంగతేంటి?

70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే పుంగనూరు పొట్టి ఆవుని ఇప్పుడు ఇంట్లో పెట్‌లా పెంచుకుంటున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకి మేత తినిపించిన వీడియోలు వైరల్ అయ్యాయి. ఈ జాతి సంరక్షణ పనులు పలమనేరులోని పశు పరిశోధన స్థానంలో జరుగుతున్నాయి.

పశువుల చెవికి వేసే పసుపు ట్యాగ్‌ని పశు ఆధార్ అంటారు. దాని మీద 12 అంకెల నంబర్, బార్‌కోడ్ ఉంటాయి. అది చిప్ కాదు. పెట్ స్కానర్ పెడితే బీప్ రాదు, కెమెరాతోనే చదవాలి. ఆ నంబర్ మీద ఓనర్, టీకాల వివరాలు భారత్ పశుధన్ రికార్డులోకి ఎక్కుతాయి.

చెవి తెగినా, తీగకి తగులుకున్నా ట్యాగ్ ఊడిపోతుంది. ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదన్నది పశు బీమాలో ఎప్పటినుంచో ఉన్న షరతు. ఊడిపోతే వెంటనే పశువైద్యశాలలో చెప్పి కొత్తది వేయించుకోవాలి.

కొనేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ట్యాగైనా, చిప్పైనా ఫలానా పశువు ఇదేనని చెబుతుంది, అంతవరకే. అది అసలైన పుంగనూరు జాతి అని గ్యారంటీ ఇవ్వదు. లక్షలు పోసేముందు ట్యాగ్ నంబర్ రికార్డుతో సరిపోతుందో లేదో పశువైద్యాధికారితో చూపించుకోండి.

విదేశాలకి తీసుకెళ్తుంటే?

ఇక్కడ వరస తప్పితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. ముందు చిప్, తర్వాతే రేబిస్ టీకా. టీకా వేశాక చిప్ పెడితే ఆ టీకా లెక్కలోకి రాదు.

- అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి వచ్చే ప్రతి కుక్కకీ యూనివర్సల్ స్కానర్ చదవగలిగే చిప్ ఉండాలి. కుక్క వయసు 6 నెలలు దాటాలి. ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది కాబట్టి అదనపు పత్రాలు కావాలి.
- యూరోపియన్ యూనియన్: ఐఎస్ఓ చిప్ కావాలి. వేరే రకం ఉంటే దాన్ని చదివే స్కానర్‌ని ఓనరే వెంట తీసుకెళ్లాలి. ఇండియా నుంచి వెళ్లేవాటికి టీకా వేశాక 30 రోజులకి రక్త పరీక్ష, ఆ శాంపిల్ తీసిన రోజు నుంచి 3 నెలల ఆగడం ఉంటాయి.

చిప్ వేయించేముందు, తర్వాత

1. 15 అంకెల ఐఎస్ఓ చిప్పేనా అని అడగండి.
2. శరీరంలో పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి స్కాన్ చేయించండి. ప్యాకెట్ మీది నంబర్‌తో పోల్చి చూడండి.
3. బార్‌కోడ్ స్టిక్కర్‌ని టీకా పుస్తకంలో అంటించండి, ఫోటో తీసి పెట్టుకోండి.
4. నంబర్ ఎక్కడ రిజిస్టర్ చేశారో అడగండి. చిప్ కంపెనీ లిస్టు వేరు, మున్సిపాలిటీ లైసెన్స్ రికార్డు వేరు. ఒకదాంట్లో ఉంటే రెండోదాంట్లో ఉన్నట్టు కాదు.
5. ఏటా టీకాకి వెళ్లినప్పుడు చిప్ పనిచేస్తోందో స్కాన్ చేయించండి.
6. ఫోన్ నంబర్ మారినా, పెట్‌ని వేరేవాళ్లకి ఇచ్చినా రికార్డు మార్పించండి.

చివరి పాయింట్‌ని చాలామంది వదిలేస్తారు. అమెరికాలోని షెల్టర్లపై 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో చిప్ ఉన్న కుక్కల్లో 52.2 శాతం ఓనర్లని చేరాయి. మొత్తం కుక్కల లెక్క తీస్తే అది 21.9 శాతమే. చిప్ ఉన్నా ఓనర్ దొరకని కేసుల్లో ప్రధాన కారణం రికార్డులో ఉన్న ఫోన్ నంబర్ తప్పుగా ఉండటం, లేదా పనిచేయకపోవడం.