పోరంబోకు: చిత్తూరు సీమలో అభయారణ్యాల వెలుపలి జీవజాలం

నేటి వ్యవహారంలో 'పోరంబోకు' ఒక తిట్టు. రెవెన్యూ దస్త్రాలలో మాత్రం అది నింద కాదు, మినహాయింపు. తమిళంలో 'పుఱమ్' అంటే వెలుపల, 'పోక్కు' అంటే పోవడం. శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన నేల పోరంబోకు. ఈ పదం హీనార్థం పొందడానికీ, ఆ నేలపై జీవజాలం తరిగిపోవడానికీ సంబంధం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుండి, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుండి వచ్చాయి. జమీందారీలను, బంజర్లను పక్కన పెడితే, రైత్వారీ లెక్కల్లో నేల మూడు విధాలుగా కనిపిస్తుంది: శిస్తు కట్టే పట్టా, 1882 మద్రాసు అటవీ చట్టం కిందికి వచ్చిన రిజర్వు అడవి, ఈ రెండూ కాని పోరంబోకు. చెరువు, వాగు, గుట్ట, మేతబీడు, కళ్ళం, శ్మశానం ఈ మూడో కోవలోవి.

చట్టరక్షణ ప్రధానంగా రెండో కోవకే దక్కింది. శేషాచలంలో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో, జీవావరణ రిజర్వు 2010లో ఏర్పడ్డాయి. అయితే నక్షత్ర తాబేలుకు కావలసింది దట్టమైన అడవి కాదు. గడ్డి, ముళ్ళపొదలు, చేనుగట్లు. దేవాంగపిల్లి పొలాల పక్కన చింతతోపుల్లోనూ బతుకుతుంది. చెరువు లోపలి నల్లతుమ్మలపై కొంగలు గూళ్ళు కడతాయి. వీటికి సరిహద్దు రాళ్ళు తెలియవు. పోరంబోకును 'వృథా నేల'గా చూసే దృష్టి బలపడిన కొద్దీ అది గ్రానైటు క్వారీలకూ, ఇళ్ళ స్థలాలకూ పోయింది. భూమిలేని పేదకు రెండెకరాలు ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కాని క్వారీకి ఆ సమర్థన వర్తించదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పాఠశాల కోసం 1926 ప్రాంతంలో అక్కడ భూసేకరణ మొదలైంది. అది కరవు నేల. దశాబ్దాల పాటు మొక్కలు నాటి, మేతను అదుపుచేసి, ఊటకుంటలు తవ్వగా పొదలూ చెట్లూ తిరిగి వచ్చాయి. పక్షి సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది 1991లో, అంటే పని మొదలైన చాలా ఏళ్ళకు. 200కు పైగా పక్షిజాతులు అక్కడ నమోదయ్యాయి. రాతిగుట్టల పొదల్లో మాత్రమే బతికే పసుపు గొంతు పిగిలిపిట్ట వాటిలో ఒకటి. రక్షిత ప్రాంతాల వెలుపలి ఇటువంటి పరిరక్షణకు అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం నిర్వచనం ఇచ్చింది 2018లోనే.

అయితే రిషి వ్యాలీకి యజమాని ఉన్నాడు. మేతబీడుకు లేడు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాని ఆక్రమణ తొలగితే చాలదు. అక్కడ ఏముండేదో తెలియాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు సిద్ధం చేయాలి. వాటిలో స్థానిక నామాలకు చోటు ఉంది. కలివి, బలుసు, తంగేడు వంటి పేర్ల పక్కన అవి ఏ సర్వే నంబరులో, ఏ రకం పోరంబోకులో కనబడ్డాయో కూడా రాస్తే, ఆ నేలను ఖాళీ స్థలంగా చూపడం అంత సులువు కాదు. మాండలిక పదసేకరణకు పల్లెలకు వెళ్ళే తెలుగు పరిశోధకులు ఈ పనిని అదే ప్రయాణంలో చేయగలరు.