తీరికవేళ పనికి ఎన్ని గంటలు?

“ఏదో ఖాళీగా వున్నప్పుడు కాస్త అల్లుకుంటూ వుంటానండీ.”

నర్సాపురం, పాలకొల్లు వైపు ఊళ్ళలో అరుగు మీద కూచున్న ఏ ఇల్లాలినయినా ఏం చేస్తుంటారని అడగండి. చేతిలో క్రోషా సూది ఆపకుండానే ఈ జవాబు చెబుతుంది. ఈ ‘ఖాళీ’ అనే మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం వుంది. పొద్దున్నే వాకిలి ఊడ్చిన దగ్గర్నించీ రాత్రి పాలు తోడేసేదాకా మన ఆడవాళ్ళకి ఖాళీ ఎక్కడుంది చెప్పండి? అయినా నూట ఎనభై ఏళ్ళుగా ఆ లేని ఖాళీలోంచే దేశదేశాలకి లేసు తయారై పోతోంది. ఈ పని మానేసి ఇంకో పనికి పోదామా వద్దా అన్న ప్రశ్న కూడా, పైకి వినపడకపోయినా, ఆ ఇళ్ళలో ఎప్పటినించో వుంది.

నర్సాపురానికి గుడ్డల వ్యాపారం కొత్తేమీ కాదు. పక్కనే వున్న మాధవాయపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు వర్తకస్థానం పెట్టారు. ఆ పేరు తెల్లవాళ్ళ నోట్లో నలిగి ‘మడపొల్లం’ అయింది. ఒక రకం మెత్తని నూలుగుడ్డకి అదే పేరుగా ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. పేరు నిలిచింది గానీ, సీమ మిల్లుగుడ్డ వచ్చి పడ్డాక మన మగ్గాలు నిలవలేదు. రాట్నం వడికి నాలుగు డబ్బులు కళ్ళచూసే ఆడవాళ్ళ చేతులు నిజంగా ఖాళీ అయింది అప్పుడే.

దాని వెంటే 1832-33లో నందన కరువు వచ్చింది. గోదావరి ఊరి పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళెక్కని రోజులవి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి గాని పూర్తికాలేదు. ఈ రెంటి మధ్య, 1844 ప్రాంతంలో, స్కాట్లండునించి వచ్చిన మెక్రే దంపతులనే మిషనరీలు నర్సాపురం చుట్టుపక్కల పేద క్రైస్తవ స్త్రీలకి లేసు అల్లిక నేర్పారు. ఇంచుమించు ఆ కాలంలోనే ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టి జనం ఆకలితో మాడిపోతుంటే, అక్కడ కాన్వెంటు సన్యాసినులు కూడా ఆడవాళ్ళ చేతికి ఈ సూదే ఇచ్చారు. ఆ అమ్మాయిల్లో కొందరు లేసు డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని ఓడెక్కి అమెరికా పోయారు. మన దగ్గర మాత్రం ఓడెక్కింది లేసు. అల్లినవాళ్ళు అరుగు మీదే వుండిపోయారు.

కాలవలొచ్చి సార్వా, దాళ్వా రెండు పంటలూ పండడం మొదలయ్యాక డెల్టా తీరు మారింది. కాస్త డబ్బు చేరిన ఇంట్లో మొట్టమొదట మారేది ఆడవాళ్ళ నడక, గమనించారో లేదో! నిన్నటిదాకా పొలం వెళ్ళిన మనిషి ఇవాళ వీధి గడప దాటకూడదు. కాపు కుటుంబాల్లో ఇలా ఘోషా బిగిసింది. అయితే ఘోషా అందరికీ వచ్చింది గానీ, పొలం అందరికీ లేదు. ఎకరం కూడా లేని ఇంటి ఇల్లాలు కూలికి వెళితే పరువు పోతుంది, వెళ్ళకపోతే గడవదు. అలాంటి ఇళ్ళలోకి లేసు దొడ్డిదారిన వచ్చింది. ఇంట్లో కూచునే నాలుగు డబ్బులు! పని చేస్తోందని ఎవరూ అనరు. చుట్టాలడిగినా ‘మా ఆవిడ ఇంటి పట్టునే వుంటుందండీ’ అని మగవాళ్ళు తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

1977-78లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి ఈ ఊళ్ళ ఆడవాళ్ళ దగ్గర కూచుని లెక్కలు రాసుకుంది. 1982లో నర్సాపురం లేసు స్త్రీల మీద ఆమె పుస్తకం అచ్చయింది. లేసు అల్లేవాళ్ళు అప్పటికి లక్షకి పైమాటే. జనాభా లెక్కల్లో మాత్రం వాళ్ళలో చాలామంది వట్టి గృహిణులు. రోజుకి ఆరునించి ఎనిమిది గంటల అల్లికకి సగటున వాళ్ళకి దక్కింది 56 పైసలు. పొలం పనికి ఆడవాళ్ళకి సర్కారు నిర్ణయించిన కనీస కూలిలో అది మూడో వంతు కూడా కాదు. అంటే, ఊడ్పులకీ కలుపుకీ వెళ్ళే దళిత స్త్రీ, తనకంటే పెద్ద కులమనుకునే ఇల్లాలికన్నా ఎక్కువ సంపాదిస్తోందన్నమాట. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు! బురదలో వరసగా వంగి నాట్లేసేవాళ్ళు ఒక్కమాట మీద నిలబడి, కూలి పెంచితే గాని చేలో దిగమనగలరు. ఎవరింట్లో వాళ్ళు అల్లుకునేవాళ్ళకి పక్కింటావిడకి ఎంత ముట్టిందో కూడా తెలియదు.

ఆ పని ఏర్పాటే అలాంటిది మరి. షావుకారు దగ్గర్నించి ఏజెంటు దారం తెస్తాడు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, అది చేతిపని. ఇంకో ఇంట్లో ఆ పువ్వుల్ని కలుపుతారు, అది అతుకుపని. పువ్వు అల్లినావిడ పూర్తయిన టేబుల్ క్లాతుని కళ్ళారా చూడదు. ఇక సీమలో దాని ధర ఎంతో ఆవిడకెలా తెలుస్తుంది? దారం ఖర్చయిన లెక్కన డబ్బులిస్తే కళ్ళకద్దుకోవడమే.

మా మేనత్త ఇదంతా పుస్తకం చదివి తెలుసుకోలేదు. పాలకొల్లు దగ్గర ఓ పల్లెటూళ్ళో ఆవిడ పెళ్ళయిన నాటినించీ లేసు అల్లేది. 1975 అక్టోబరు 2న దేశంలో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. ఆ తరవాత కొన్నాళ్ళకి వాళ్ళ ఊరికీ ఒకటొచ్చింది. ఆయాగా వస్తావా అని అత్తయ్యని అడిగారు. ఉదయంపూట పని, జీతం కూడా కాదు, గౌరవ వేతనం. మామయ్య ఒకటే మాటన్నాడు. “ఊళ్ళో పిల్లల ముక్కులు తుడవడానికా? ఇంట్లో నీడపట్టున పని వుండగా?”

అత్తయ్య ఎదురు చెప్పలేదు. ఆ మర్నాటినించి గోడమీద క్యాలెండరులో పెన్సిలుతో గీతలు పెట్టడం మొదలెట్టింది. గంటసేపు అల్లితే ఒక గీత. నెలాఖరున ఏజెంటు డబ్బులిచ్చి వెళ్ళాక, హైస్కూలు చదువుతున్న కొడుకుని పిలిచి భాగహారం చెయ్యమంది. రోజుకి ఏడు గీతలు తేలాయి. గంటకి ఎంత పడిందో వాడు చెప్పేసరికి, ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదట.

“ఇన్నాళ్ళూ నాకు ఉద్యోగం లేదనుకున్నారు మీ నాన్న. రోజుకి ఏడు గంటల ఉద్యోగం వుంది, జీతమే లేదు” అందిట వాడితో.

అత్తయ్య అంగన్‌వాడీకి వెళ్ళింది. మొదటి నెలలో పెదవి విరిచిన తోడికోడలే, పక్క ఊళ్ళో ఖాళీ వుందేమో కనుక్కోమని ఆ మరుసటి ఏడు వచ్చింది. ఏజెంటు మూడుసార్లు తిరిగాడు. ‘నువ్వు కాకపోతే పదిమంది వున్నారమ్మా’ అనే మనిషి అన్నిసార్లు ఎందుకు తిరిగాడో మరి! సాయంత్రాలు నాకు తోచినప్పుడు అల్లుతాను, రేటు మాత్రం ఇదీ అని చెప్పింది. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అత్తయ్య అల్లిక నిజంగా ఖాళీవేళ పని అయింది అప్పటినించే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. లేసు వదిలేసిన వాళ్ళంతా తెలివైనవాళ్ళూ, పట్టుకుని వున్నవాళ్ళు అమాయకులూ అని నేననను. చంటిపిల్ల ఉయ్యాల్లో, మామగారు మంచం మీద వున్న ఇంట్లోంచి కోడలు ఎక్కడికి పోతుంది? పొలం పని కూడా ఏడాది పొడుగునా దొరకదు. ఊడ్పులకీ కోతలకీ మధ్య నెలల్లో ఆ కాసిని డబ్బులే ఉప్పూ చింతపండూ తెచ్చిపెట్టాయి. నడుం వంకర పోయిందనీ, కళ్ళకి మసకలనీ చెప్పుకుంటూనే, సూది పక్కన పెడితే చేతులకి తోచదనే పెద్దవాళ్ళని నేను చూశాను. వాళ్ళు అల్లిన పువ్వు చూస్తే మానెయ్యమని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

తరవాతి తరానికి వేరే దారులు కనిపించాయి. 1990ల్లో చేలు రొయ్యల చెరువులయ్యాయి. రొయ్యలు ఒలిచే షెడ్లలో చల్లనీళ్ళల్లో చేతులు నానేసుకుని నిలబడ్డా, సాయంత్రానికి కూలి ఇంతని తెలుస్తుంది. 2008 నాటికి ఉపాధి హామీ అన్ని జిల్లాలకీ వచ్చింది. మగవాడికీ ఆడదానికీ ఒకే రేటని కాగితం మీద రాసి మరీ ఇచ్చిన పని అది. ఇక ఇటు నర్సాపురం, అటు వశిష్ఠ దాటితే రాజోలు వైపునించి ఇళ్ళల్లో పనికి కువైట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళకి లెక్కే లేదు. ఘోషా అని వీధి గుమ్మం దాటనివ్వని ఊళ్ళనించే విమానం ఎక్కి సముద్రాలు దాటారు.

2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి వేరే చోట తయారైన సరుకు అమ్మకూడదు. మంచిదే. పత్రికల్లో ఆ వార్త పడినప్పుడు, గల్ఫులో ఆరేళ్ళు చేసి వచ్చిన నాకు తెలిసిన ఒకావిడ అరుగు మీద కూచుని అల్లుతోంది. మళ్ళీ వీసా వచ్చేదాకా ఇదేనంది. వార్త చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, “ఇంతకీ పువ్వుకెంత పెంచారుట?” అని అడిగింది.

ఆ సంగతి పేపర్లో లేదు.